మైలాంబ చెరువు, లచ్చమ్మ మడి

పోయిన దసరాకు నర్మెట్ట వెళ్ళేసరికి మా అన్న బిడ్డ ఇంటి ముందు అరుగు మీద ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ రెండో ఏడు చదువుతోంది. లోపల వదిన బతుకమ్మకు తంగేడు పూలు సర్దుతోంది. "ఏం జేస్తున్నవ్ బిడ్డా?" అంటే తల ఎత్తకుండానే "రాజ్యం ఏలుతున్న అత్తా" అంది.

ఆ ఆట పేరు క్రూసేడర్ కింగ్స్. స్వీడన్ కంపెనీ ఒకటి తయారుచేసింది. మధ్యయుగాల నాటి రాజవంశాన్ని ఒకదాన్ని ఎంచుకుని తరతరాలుగా నడుపుకుంటూ పోవాలి. రాజు చనిపోతే ఆట ఆగదు, వారసుడి పేరిట సాగుతుంది. వంశం అంతరిస్తేనే ఓడిపోయినట్టు. మొదట్లో మన దేశం లేని ఈ ఆటలోకి 2014లో మనమూ వచ్చి చేరామట. ఆట మొదలుపెట్టుకునే సంవత్సరాల్లో 1066 ఒకటి. అప్పటికి మన కాకతీయులు కల్యాణి చాళుక్యుల కింద హనుమకొండలో చిన్న సామంతులు. రుద్రమ పుట్టుక ఇంకా చాలా దూరం.

"పక్క రాజ్యం గెలుచుకున్న అత్తా. గెలుచుడు అల్కగనే అయింది. నిలుపుకునుడే కష్టమైతంది. పన్ను వస్తలేదు, ఎప్పుడు చూసినా తిరుగుబాటే."

"మరేం జేస్తవ్?"

వేళ్ళు మడుస్తూ చెప్పుకొచ్చింది. "సేనాపతిని తీస్కపోయి ఆడ కూసోబెట్టాలె. లేదంటే కొంత జాగ ఎవరికన్న రాసిచ్చి వాళ్ళనే చూసుకోమనాలె. గుడి కట్టుడు, ఊరు బాగుచేసుడు అంటే పైసలు కావాలె. అన్నిటికన్నా సులువు పెండ్లి. నాకు ఇద్దరు బిడ్డలున్నరు, ఒక చెల్లె ఉన్నది. ఈ ఆటల ఆడపిల్లలు ఎక్కువుంటే లాభమే అత్తా."

పందొమ్మిదేళ్ళ పిల్ల ఎంత మామూలుగా అన్నదో ఆ మాట! నేనూ నవ్వాను. నవ్వి లోపలికి పోయి పూల పళ్ళెం ముందు కూర్చున్నానే గానీ, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

దానికి రెండు కారణాలున్నాయి. ఒకటి, దాదాపు ముప్పై ఏళ్ళు డిగ్రీ కాలేజీలో నేను చెప్పిన పాఠం. కాకతీయుల దగ్గరికి వచ్చినప్పుడల్లా పిల్లలతో ఒక వాక్యం రాయించేదాన్ని: గణపతిదేవుడు దండయాత్రలతో పాటు వైవాహిక సంబంధాల ద్వారా కూడా రాజ్యాన్ని సుస్థిరం చేసుకున్నాడు. అయిదు మార్కుల ప్రశ్నకు అదొక పాయింటు. పిల్లలు రాసేవారు, నేను టిక్కు పెట్టేదాన్ని. ఆ వాక్యంలోని 'ద్వారా' అనే మాట మీద ఏనాడూ నా చూపు ఆగలేదు. తృతీయా విభక్తి పనిముట్టుకు తగిలించేది. కత్తితో నరికాడు, తాడుతో కట్టాడు, పెళ్ళితో కలుపుకున్నాడు. ఆ పెళ్ళిలో ఉన్న మనిషి పేరు వాక్యంలో రాదు. మా మేనకోడలి ఆటలో కనీసం ఆ పిల్లలకు పేర్లున్నాయి, బొమ్మలున్నాయి.

రెండో కారణం నా బ్యాగులో ఉంది. అన్న నా సంతకం కోసం రాయించి పెట్టిన కాగితం. దాని సంగతి తర్వాత చెప్తాను.

నర్మెట్టలో కూర్చుని కాకతీయుల గురించి మాట్లాడుకునేటప్పుడు మనమేదో గెలిచిన వాళ్ళ పక్షాన పుట్టినట్టు మాట్లాడుకుంటాం. మా ఊరికి ఒకపక్క హనుమకొండ, ఇంకోపక్క కొలనుపాక. ఆ కొలనుపాక ఒకనాడు కల్యాణి చాళుక్యుల ప్రతినిధులు కూర్చుని పాలించిన చోటు. ఇవాళ జైన మందిరానికి పోయే యాత్రికుల ఊరు. హనుమకొండ వాళ్ళు బలపడి చాళుక్యులను కాదనుకున్నాక 12వ శతాబ్దంలో ఈ మధ్య నేలంతా చేతులు మారింది. వేయిస్తంభాల గుడి దగ్గరి 1163 నాటి శాసనంలో రుద్రదేవుడు ఓడించిన వాళ్ళ పేర్లు వరుసగా ఉంటాయి. అంటే ఇదీ ఒకప్పుడు కొత్తగా గెలిచిన నేలే. మా తాతముత్తాతల తాతముత్తాతలు ఆ గెలుపును ఎట్లా చూశారో ఏ రాతిమీదా లేదు.

అసలు పెద్ద గెలుపులు గణపతిదేవుడివి. 1199 నుంచి 1262 దాకా, అరవై ఏళ్ళకు పైబడిన పాలన. వచ్చీ రాగానే కృష్ణ దాటి వెలనాడు మీద పడ్డాడు. బెజవాడ, దివిసీమ, కృష్ణా ముఖద్వారం, ఆ పైన తీరమంతా. యుద్ధాల సంగతి వదిలేద్దాం, ఆ పేజీలు అన్ని పుస్తకాల్లోనూ ఉన్నాయి. మెట్ట నుంచి, చెరువుల కింది సేద్యం నుంచి వెళ్ళిన రాజుకు ఆ డెల్టా పరాయి దేశమే. భాష ఒకటే అయినా పంట వేరు, వర్తకం వేరు, అక్కడి పాత కుటుంబాల పట్టు వేరు. గెలిచాక ఏం చేయాలి? మా పిల్ల వేళ్ళు మడిచి చెప్పిన ఉపాయాలన్నీ గణపతిదేవుడు చేసినవే.

దివిని ఏలుతున్న అయ్య వంశపు పిన్నచోడికి జాయప అనే కొడుకు, నారమ, పేరమ అనే కూతుళ్ళు ఉన్నారు. గణపతిదేవుడు ఆ అక్కచెల్లెళ్ళిద్దరినీ పెళ్ళి చేసుకున్నాడు. జాయపను గజసాహిణిని చేశాడు, అంటే ఏనుగుల దళానికి అధిపతి. ఓడిపోయిన ఇంటి కొడుకు ఓడించిన వాడి సేనలో పెద్ద పదవికి ఎక్కాడు. 1253-54 ప్రాంతంలో 'నృత్తరత్నావళి' రాసి నాట్యశాస్త్ర చరిత్రలో నిలిచాడు. రామప్ప గుడి మీది నాట్యభంగిమలను చూసినప్పుడల్లా జాయపను తలుచుకుంటాం. నారమ, పేరమలకు దక్కిన చోటు గణపేశ్వరం శాసనంలో (1231) ఒక్క సందర్భం. తండ్రి ఇల్లు ఓడిపోయిన ఏడాదో, ఆ తర్వాతో, ఓరుగల్లు కోటలోకి ఇద్దరు అమ్మాయిలు ఒకే మనిషికి భార్యలుగా వచ్చారు. ఏ నెలలో వచ్చారు, ఏ దారిన వచ్చారు, వచ్చేటప్పుడు సముద్రం గురించి ఏం చెప్పుకున్నారు... ఇదంతా ఊహే. నేను చరిత్ర టీచర్ని, ఊహను చరిత్ర అనను. కానీ జాయప ఏనుగుల లెక్క పక్కన ఆ ఇద్దరి ప్రయాణమూ పెట్టి చూడకపోతే అది సగం లెక్కే అవుతుందని మాత్రం అంటాను.

గణపతిదేవుడు చేసిన ఒక పనిని మెచ్చుకోకుండా ఉండలేను. మోటుపల్లి రేవులో 1244-45లో వేయించిన అభయశాసనం. అంతకు ముందటి రాజులు తుఫానుకు దారి తప్పి తీరానికి కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ లాక్కునేవాళ్ళట. ప్రాణం కన్నా ధనమే ఎక్కువనుకుని సముద్రం మీదికి పోయే వాళ్ళ మీద దయతో మేము ఆ పని మానుకున్నాం, సుంకం తప్ప ఇంకేమీ తీసుకోం అని రాతి మీద చెక్కించాడు. ఎగుమతి దిగుమతుల మీద ముప్పయ్యో వంతు సుంకం. చందనం, కర్పూరం, ముత్యాలు, దంతం, పట్టు, మిరియాలు, ఇట్లా వస్తువుల పట్టీ ఒకటి. గెలిచిన నేల మీద భయం పోగొట్టడం కూడా పాలనే అని ఆయనకు తెలుసు. తర్వాత ఎన్నో ఏళ్ళకు 1358లో రెడ్డి రాజు అనపోతారెడ్డి కూడా అదే రేవులో అటువంటి హామీనే మళ్ళీ ఇచ్చాడు. వర్తకులకు ఇచ్చిన అభయం రాతి మీద ఉంది. ఇంటి ఆడపిల్లలకు ఎవరు ఏ అభయం ఇచ్చారో మనకు దొరకదు.

తెచ్చుకున్న కోడళ్ళ కథ ఇది. ఇచ్చిన ఆడపిల్లల కథ వేరే.

తన కూతుళ్ళలో గణపాంబను ధరణికోట ఏలే కోట వంశపు బేతరాజుకు ఇచ్చాడు. రుద్రమను నిడదవోలు చాళుక్యుల ఇంటి వీరభద్రుడికి. మ్యాపు తీసి చూడండి. ఒకటి కృష్ణ ఒడ్డు, ఇంకొకటి గోదావరి పక్క. కొత్తగా పట్టుబడిన నేలకు రెండు కొసలు. చెల్లెలు మైలాంబను ఇచ్చింది నతవాడి రుద్రుడికి. నతవాటి సీమ ఓరుగల్లు నుంచి తీరానికి పోయే దారిలో, ఇవాళ్టి మధిర, నందిగామల వైపు. దారికి ఒక చెల్లెలు, రెండు నదులకు ఇద్దరు కూతుళ్ళు. మా మేనకోడలు ఆ రాత్రి తెర మీద గీసుకున్న పటమూ ఇట్లాగే ఉంది.

ఆట అక్కడితో ఆగిపోతుంది. పెళ్ళి కాగానే 'పొత్తు కుదిరింది' అని ఒక గుర్తు వెలుగుతుంది, ఆ పిల్ల పని అయిపోతుంది. నా పాఠమూ అక్కడే ఆగేది. శాసనాలు మాత్రం ఆగవు, అక్కడి నుంచే మొదలుపెడతాయి.

బయ్యారం వెళ్ళాను. ఇది మహబూబాబాద్ జిల్లాలో ఉంది. ఇల్లందు దారిలో పోతే పెద్ద చెరువు. ఎండాకాలంలో కూడా కట్ట మీద నిలబడితే చల్లగాలి కొడుతుంది. ఈ చెరువు కట్టించింది మైలాంబ, గణపతిదేవుడి చెల్లెలు, నతవాడి వారి కోడలు. పేరు ధర్మకీర్తి సముద్రం. ఊరి పేరు తల్లి బయ్యమాంబ మీదుగా వచ్చిందని చెప్తారు. కట్ట దగ్గర వేయించిన శాసనంలో మైలాంబ తన పుట్టింటి వంశావళిని చెప్పుకుంది. కాకతీయుల పూర్వీకుడు వెన్నడు మొదలు ఒక్కొక్కరినీ పేరు పేరునా. రుద్రదేవుడి వంటి మహారాజు హనుమకొండలో అంత పెద్ద శాసనం వేయించి కూడా తన వంశాన్ని అంత వెనక నుంచి చెప్పుకోలేదు. వెన్నడి పేరూ, కాకతి అనే చోటి నుంచి ఆ వంశానికి పేరు వచ్చిందన్న మాటా చరిత్రకారులకు బయ్యారంలో దొరికాయి. కాకతీయుల తొలి తరాల గురించి ఇవాళ మనం రాసుకునే పేజీకి ఆధారం, పెళ్ళి చేసి పంపించేసిన ఒక ఆడపిల్ల చెరువు కట్ట మీద చెక్కించిన రాయి.

ఈ సంగతి నాకు చదువుకున్నప్పుడే తెలుసు. 'బయ్యారం శాసనం, కాకతీయుల వంశవృక్షానికి ముఖ్య ఆధారం' అని నోట్సులో ఉంది. వేయించినది మైలమ అనీ ఉంది. కానీ ఆడబిడ్డ అత్తగారింటి నేల మీద నిలబడి 'నేను ఫలానా వాళ్ళ బిడ్డను' అని ఎనిమిది వందల ఏళ్ళు చెరగకుండా చెప్పుకుందన్నది ఆ నోట్సులో లేదు. కట్ట మీద నిలబడ్డాకే నాకు తట్టింది. కింద మడుల్లో నాట్లు పడుతున్నాయి. ఆడవాళ్ళు వంగి వరుసగా వెనక్కి నడుస్తున్నారు. ఆ నీళ్ళు ఎవరు నిలబెట్టారంటే 'రాజులు కట్టిచ్చిన్రు' అంది ఒకామె. "రాజు చెల్లె కట్టించిందమ్మా" అంటే నడుం నిలబెట్టి చెరువు వైపు ఒకసారి చూసి, "గట్లనా" అని మళ్ళీ వంగింది.

గణపాంబ కథలో ఇంకొంచెం బరువు ఉంది. భర్త బేతరాజు చనిపోయాక ధరణికోట సీమను ఆమే ఏలింది. యనమదల శాసనం చెప్పే సంగతులు ఇవి: అమరేశ్వరుడి గుడికి బంగారు కలశాలు పెట్టించింది, భర్త పేర బేతేశ్వరుడిని ధాన్యకటకంలో నిలిపింది, తండ్రి పేర గణపేశ్వరుడిని యనమదలలో నిలిపింది. ఒక గుడి భర్తకు, ఒక గుడి తండ్రికి. అత్తింటినీ పుట్టింటినీ ఆమె అట్లా సమానంగా తూచింది. తన పేర మూడో గుడి ఏదీ కట్టుకోలేదని మనలో ఎవరికైనా బాధ కలగవచ్చు. నాకూ కలిగింది. కానీ రాజు కూతురిగా పంపబడి, సామంతుడి భార్యగా బతికి, విధవరాలిగా అధికారం చేపట్టిన మనిషి తన మాట చెల్లించుకోవడానికి వాడుకున్న దారి అది. పసుపు కుంకుమలు పోయిన ఆడదాన్ని శుభకార్యాలకు దూరం పెట్టే లోకంలో, దేవుడి ప్రతిష్ఠ చేయించి, భూమి దానమిచ్చి, కింద తన పేరు చెక్కించుకుంది.

ఇక రుద్రమ. ఆమె గురించి ఎంత రాశామో, ఎన్ని సినిమాలు తీశామో, గుర్రమెక్కించి ఎన్ని విగ్రహాలు పెట్టామో! నేను ఇక్కడ చెప్పదలచుకున్నది ఒక్క మల్కాపురం శాసనం గురించి. 1261 నాటిది, తండ్రి ఇంకా బతికి ఉండగానే. కృష్ణకు దక్షిణాన మందడం గ్రామాన్ని గణపతిదేవుడు, వెలగపూడిని రుద్రమ విశ్వేశ్వర శివాచార్యుడికి ఇచ్చారు. ఈ రెండు ఊళ్ళ పేర్లు మనకు ఈ పదేళ్ళలో బాగా తెలిశాయి. ఆంధ్రప్రదేశ్ సచివాలయం కట్టుకున్నది వెలగపూడిలోనే. ఏడు వందల యాభై ఏళ్ళ తర్వాత మళ్ళీ ఆ నేల మీదే రాజధాని, భూమి సేకరణ, ఎవరి పేర పట్టా, ఎవరికి ప్లాటు అన్న మాటలు. 1261లో ఆ దానం రాబడిని ఎట్లా ఖర్చు పెట్టాలో పద్దు రాసి ఉంది. మూడు భాగాల్లో ఒకటి గుడికి, ఒకటి చదువుకునే వాళ్ళకూ శైవమఠానికీ. మూడో భాగం ప్రసూతిశాలకు, ఆరోగ్యశాలకు, అన్నసత్రానికి.

ప్రసూతిశాల అనే మాట దగ్గర ఆగండి. గెలిచిన నేలను కుదురుకునేట్టు చేయడానికి గుడి కట్టిన రాజులు లెక్కలేనంత మంది. మఠాలకు భూములిచ్చి, తమకు విధేయులైన గురువులను కొత్త సీమలో నిలబెట్టడం కూడా అప్పటి రాజనీతే. మల్కాపురం దానంలో ఆ రాజనీతి లేదని నేను అనను, తప్పకుండా ఉంది. కానీ ఆ పద్దులో పురుడు పోసుకునే ఆడవాళ్ళకు ఒక ఇల్లు ఉంది. దాన్ని రాయించింది రుద్రమే అని రుజువు చేయలేను, తండ్రీకూతుళ్ళిద్దరి దానాలూ ఒకే శాసనంలో ఉన్నాయి. అయినా ముగ్గురు కూతుళ్ళను కన్న మనిషి పేరు ఆ శాసనం మీద ఉండడం యాదృచ్ఛికం అనుకోవడం నాకు కష్టం. ఇది చరిత్రకారిణి మాట కాదు, ఇద్దరు పిల్లలను కన్నదాని మాట అనుకోండి.

అదే శాసనంలో పదిమంది నర్తకుల లెక్క ఉంది, పాటగత్తెలు, మద్దెలవాళ్ళ లెక్క ఉంది. ఎవరికి ఎంత భూమి వంతు అనేదీ ఉంది. అట్లాగే బయ్యారం చెరువు తవ్వినప్పుడు తట్టలు మోసిన వాళ్ళున్నారు. వాళ్ళు ఎందరో లెక్క కూడా లేదు. ఉపాధి హామీ పనిలో మా ఊరి చెరువు పూడిక తీసేటప్పుడు చూశాను, తట్ట మోసేది ఎక్కువగా ఆడవాళ్ళే. 2015లో మొదలైన పూడికతీత పథకానికి కాకతీయుల పేరు పెట్టుకున్నాం. ఆ పేరులో మైలాంబ ఉందా, తట్ట మోసిన ఆమె ఉందా అంటే వెతుక్కోవాలి. రాచకన్నెలకు దొరికిన రాయి అందరికీ దొరకలేదని మరిచిపోతే మనమూ గెలిచిన వాళ్ళ చరిత్రే రాసినట్టవుతుంది.

రుద్రమకు కూడా ఆ రాయి ఊరికే దొరకలేదు. గద్దె ఎక్కిన ఆడమనిషి శాసనాల్లో చాలాచోట్ల 'రుద్రదేవ మహారాజు' అయింది. మగపేరు, మగ బిరుదులు. అమెరికన్ చరిత్రకారిణి సింథియా టాల్బట్ దీని గురించి వివరంగా రాసింది. మోటుపల్లి వైపు నుంచి ఈ దేశం సంగతి రాసిన మార్కోపోలో ఆమె న్యాయాన్ని ఎంతో మెచ్చుకున్నాడు గానీ, చనిపోయిన రాజుకు భార్య అనుకున్నాడు. కూతురు రాజ్యానికి వస్తుందని అతనికి తోచనే లేదు. మగరాజు అయినా కావాలి, విధవ రాణి అయినా కావాలి, కూతురిగా మాత్రం వారసత్వం లేదు.

గెలిచిన నేల కొంత సైన్యాధిపతుల చేతుల్లోనూ ఉండేది. గణపతిదేవుడు దక్షిణాన పానుగల్లు నుంచి మార్జవాడి దాకా సీమను కాయస్థ గంగయసాహిణికి అప్పగించాడు. గుర్రపు దళాల మనిషి, నమ్మకస్తుడు. తర్వాత అదే ఇంట్లో వచ్చిన అంబదేవుడు రుద్రమ మీద తిరగబడి తనదే రాజ్యమన్నాడు. 1290 నాటి త్రిపురాంతకం శాసనంలో తన గెలుపులన్నీ ఘనంగా చెప్పుకున్నాడు. దానికి ముందు ఏడాది, 1289 నవంబరులో, నల్లగొండ జిల్లా చందుపట్లలో ఒక చిన్న రాయి పడింది. పువ్వుల ముమ్మడి అనే బంటు, చనిపోయిన రుద్రమకూ ఆమె సేనాని మల్లికార్జున నాయకుడికీ పుణ్యంగా కొంత భూమి ఇచ్చాడు. ఆమె ఎట్లా చనిపోయిందో అందులో లేదు. అంబదేవుడి మీదికి పోయిన యుద్ధంలోనే అని చరిత్రకారులు ఊహిస్తారు. పి.వి. పరబ్రహ్మశాస్త్రి వంటి వాళ్ళు ఆ రాతిని వెలుగులోకి తెచ్చేదాకా ఆమె చావు తేదీ కూడా మనకు తెలియదు. ఒక సేవకుడు, ఒక చిన్న ఊరు, కొద్దిపాటి భూమి. మహారాజుకు అదే శిలాఫలకం.

ఇప్పుడు నా బ్యాగులోని కాగితం.

మా నాయనమ్మది నర్మెట్ట కాదు, చేర్యాల వైపు ఒక ఊరు. అప్పట్లో ఆ ఊరి వాళ్ళకూ మా తాతవాళ్ళకూ చెరువు కింది మడి ఒకదాని గురించి తగాదా. ఎకరం ముప్పై గుంటలు. తూము నీళ్ళు ముందు ఎవరికి పారాలన్న దగ్గర మొదలై తలలు పగిలేదాకా పోయిందట. నీరటివాడు ఒకరి పక్షం, పట్వారీ ఇంకొకరి పక్షం. చివరికి పెద్దమనుషులు కూర్చుని పిల్లనిచ్చి తగాదా తెంపుకోమన్నారు. నాయనమ్మకు అప్పుడు తొమ్మిదేళ్ళు. మడి పసుపు కుంకుమ కింద ఇచ్చినట్టు, పిల్ల మా తాతకు భార్య అయినట్టు. తగాదా ఆగిపోయింది. "నన్ను దెచ్చినంకనే గీ రెండూళ్ళోళ్ళు ఒకరింట్ల ఒకరు బువ్వ తిన్నరు" అని ముసలితనంలో నాయనమ్మ గర్వంగానే చెప్పేది. ఇంకొకసారి, నేను పెళ్ళయి పోతున్న రోజు, నా చెయ్యి పట్టుకుని "తొమ్మిదేండ్లకు తెచ్చిన్రు బిడ్డా, మా అవ్వ యాదికొచ్చి చెరువు కట్ట మీద కూసోని ఏడ్చేదాన్ని, గా కట్ట మీదికెళ్ళి మా ఊరి తొవ్వ కండ్లవడేది" అంది. ఈ రెండు మాటలూ ఒకే మనిషివి. నారమ, పేరమల గురించి నేను ఊహించనన్నానే, నాకు ఊహించాల్సిన అవసరం లేదు.

ఆ మడిని మా ఊళ్ళో అందరూ 'లచ్చమ్మ మడి' అనే అంటారు. నాట్లకు కూలివాళ్ళను పిలిచేటప్పుడు, మోటరు కాలిపోయినప్పుడు, పందులు పడ్డప్పుడు, అన్నిటికీ అదే పేరు. పహాణీలో మాత్రం మొదటి నుంచీ తాత పేరు, ఆ తర్వాత మా బాపు పేరు. లచ్చమ్మ అనే పేరు ఏ రికార్డులోనూ లేదు. బయ్యారంలో రాతి మీద ఉండి జనం నోట లేని పేరు, నర్మెట్టలో జనం నోట ఉండి కాగితం మీద లేని పేరు.

బాపు 2001లో పోయాడు. నా పెళ్ళి 1982లో. తెలుగునేల మీద ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో హక్కు ఇచ్చిన చట్టం 1985 సెప్టెంబరు నుంచి అమలైంది. అప్పటికే పెళ్ళయిన వాళ్ళను అది పక్కన పెట్టింది. 2005లో కేంద్ర చట్టం మారి కూతుళ్ళందరికీ హక్కు వచ్చింది. తండ్రి అప్పటికి బతికి ఉండాలా అక్కర్లేదా అన్న తగవు 2020లో సుప్రీంకోర్టు తేల్చింది, అక్కర్లేదని. ఈ తేదీలన్నీ నేను క్లాసులో చెప్పినవే, బోర్డు మీద రాసినవే. అన్న రాయించిన కాగితంలో మాత్రం నేను ఆ మడి మీద హక్కును 'ఇష్టపూర్వకంగా, ప్రేమాభిమానాలతో' వదులుకుంటున్నట్టు ఉంది.

మా అన్న చెడ్డవాడు కాదు. నన్ను చదివించింది వాడే. బోరు ఎండిన ఏడు అప్పు చేసి కూడా నా కాన్పు ఖర్చు పెట్టుకున్నాడు. దసరాకు చీర పెట్టకుండా ఏ ఏడూ పంపలేదు. నేను సంతకం పెట్టనంటే వాడికి కోపం రాదు, బాధ వస్తుంది. కోపమైతే నాకు సులువుగా ఉండేది. ఆడబిడ్డలను ఇచ్చి, చీరలు పెట్టి, బంధాన్ని నిలబెట్టుకునే మర్యాద ఎంత పాతదో, దానికి ఎంత బలముందో ఈ నేల చరిత్ర చదివినదాన్ని నాకు తెలియనిదా. 1986లో స్త్రీ శక్తి సంఘటన వాళ్ళు తెలంగాణ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్ళ మాటలతో 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు, భూమి కోసం కొట్లాడిన ఆ ఆడవాళ్ళను చదివి రాత్రంతా ఏడ్చిన మనిషిని నేను. నా సొంత ఇంట్లో ఎకరం ముప్పై గుంటల దగ్గరికి వచ్చేసరికి ఇరవై ఏళ్ళుగా నోరు తెరవలేదు.

సద్దుల బతుకమ్మ నాడు చెరువు దగ్గర బతుకమ్మలను నీళ్ళలో వదిలి తిరిగి వస్తుంటే, మా మేనకోడలు సెల్‌ఫోన్ లైటు పట్టుకుని నా పక్కన నడిచింది. కట్ట దిగే దగ్గర ఆగి, కిందికి చూపించి, "అదే గదా అత్తా లచ్చమ్మ మడి" అంది. అవునన్నాను. నాయనమ్మ తగాదా కథ మొత్తం అక్కడ నిలబడే చెప్పాను. మైలాంబ సంగతీ చెప్పాను. నా బ్యాగులో కాగితం సంగతి చెప్పలేదు, వాళ్ళ నాన్న అది.

కాసేపు ఏమీ అనలేదు. ఇంటికి వచ్చి కాళ్ళు కడుక్కుంటూ, "నేను ఆటల ఇచ్చిన ఆ పిల్ల ఉంది చూడు అత్తా, చెల్లె. ఆమె ఏం జేస్తున్నదో ఇప్పటిదాక తెర్సి చూడలే" అంది. తర్వాత, "నాన్న నీతోని ఏదో సంతకం పెట్టిపిస్త అన్నడు అమ్మతోని. ఏం సంతకం?"

లోపల అన్నం పెట్టి వదిన పిలుస్తోంది. బ్యాగు కొక్కేనికి వేలాడుతోంది. తీసి కాగితం దాని చేతికిచ్చాను. అరుగు మీద లైటు కింద కూర్చుని మొదటి లైను నుంచి చదవడం మొదలుపెట్టింది.